బొమ్మ లోపలికి

ఫ్లెక్సీ కుడివైపు పై మూల ముడి ఎంతకీ ఊడి రావడం లేదు. ఇనుప చట్రానికి ఒక మోకాలు ఆనించి, నడుముకి కట్టుకున్న తాడు మీద బరువు వేసి, అతను బొటనవేలి గోరుతో దారం పురిని తవ్వుతున్నాడు. ఎండ ఇంకా ముదరలేదు గానీ ఇనుము అప్పుడే వెచ్చబడింది. కింద కూడలిలో స్కూలు ఆటోలు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు హారన్లు కొట్టుకుంటున్నాయి.

"కోసి పారెయ్యి బావా," అని కింద తాడు రెండో కొస పట్టుకుని నిలబడ్డ బావమరిది అరిచాడు. "కత్తి నడుముకి అలంకారానికి పెట్టుకున్నావా?"

"కోస్తే అంచు చిరుగుతుంది."

"చిరిగితే ఏం? దించేసే ఫ్లెక్సీకి కూడా ముస్తాబా?"

అతను మళ్ళీ గోరుకి పని చెప్పాడు.

ఊళ్ళో అందరూ అతన్ని ఉడుత అంటారు. పొట్టి మనిషి, ఎండుపుల్లల్లాంటి కాళ్ళు, మోకాళ్ళ మీద నల్లగా కాయలు కాసిన చర్మం. అరచేతుల్లో తాడు ఒరుసుకున్న గీతలు అసలు గీతల్ని ఎప్పుడో చెరిపేశాయి. హోర్డింగు ఎక్కేముందు చెప్పులు విప్పి వాటిని ఎప్పుడూ ఒకదానిమీద ఒకటి బోర్లిస్తాడు. ఎందుకని అడిగితే, అవి ఎక్కడికీ పోకుండా అంటాడు. కట్టిన ప్రతి ఫ్లెక్సీ నాలుగు రోజుల్లో దిగిపోయేదే కాబట్టి ఈ పనిలో గట్టి ముడి ఎవరూ వెయ్యరు. కొస పట్టి లాగితే జారిపోయే ముడే చాలు. కానీ దీన్ని కట్టిన రోజు అతను ప్రతి కన్నానికీ రెండేసి ముడులు వేశాడు. ఆ రోజు ఆనందంలో చేతులు ఆగలేదు. ఇవాళ ఆ చేతులే తంటాలు పడుతున్నాయి.

ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది అతని కూతురు.

కిందనుంచి చూసేవాళ్ళకి అది నవ్వుతున్న ఒక పిల్ల మొహం, పక్కన కాలేజీ పేరు, మార్కులు. పైన వేలాడుతున్న అతనికి మాత్రం మొహం ఒక్కసారిగా కనపడదు. తన చెయ్యంత పొడుగు కనుబొమ్మ, చాప అంత చెంప, తలుపు గొళ్ళెమంత పన్ను. ఒంటి మీద నీలం కోటు. ఆ కోటు ఆ పిల్ల ఏనాడూ తొడుక్కోలేదు, కంప్యూటర్లో వాళ్ళే తొడిగారు. గడ్డం కింద పెసరగింజంత పుట్టుమచ్చ ఉండాలి, అది కూడా తీసేశారు. ఫ్లెక్సీ కట్టిన సాయంత్రం కూతుర్ని తీసుకొచ్చి చూపిస్తే, ఆ పిల్ల చాలాసేపు తలెత్తి చూసి, "బాగుంది నాన్నా. కానీ నాకు అక్క ఉన్నట్టు చెప్పలేదేం?" అంది. బావమరిది పగలబడి నవ్వాడు. తనూ నవ్వాడు గానీ, ఆ మాట ముల్లులా లోపల ఉండిపోయింది.

ఫలితాలు వచ్చిన మర్నాడే ఈ కాలేజీవాళ్ళు ఇంటికొచ్చారు. మెరిట్ స్కాలర్‌షిప్ అన్నారు. ఫీజు లేదు, పుస్తకాలు వాళ్ళవే, ఇంటి దగ్గర్నుంచే వెళ్ళి రావచ్చు. వెళుతూ వెళుతూ వాళ్ళ ప్రచారం పనులు చూసే పీఆర్వో గుమ్మంలో ఆగి, "ఏడాది పొడుగునా మా ఫ్లెక్సీల పనంతా నీకేనయ్యా," అన్నాడు. ఏ రోజు పని ఏ రోజుకి దొరుకుతుందో తెలియని మనిషికి అది చిన్నమాట కాదు. ఎదుటివాళ్ళ మొహం మీద కాదనడం అతనికి పుట్టుకతోనే రాదు. "చూద్దాం సార్," అన్నాడు. వాళ్ళు దాన్ని సరే అనుకున్నారు. మూడోనాటికి బొమ్మ కూడలికెక్కింది, ఎక్కించిందీ అతనే.

తరవాత దూరపు కాలేజీ నుంచి కబురొచ్చింది. కూతురు అందులో సీటు కోసం వేరే పరీక్ష రాసింది. అక్కడా మెరిట్ స్కాలర్‌షిప్పే. ఫీజు, హాస్టలు అందులోనే గడిచిపోతాయి. అయితే ప్రతి ఏడూ మార్కులు నిలబెట్టుకోవాలి. తండ్రికి పని ఇస్తామని వాళ్ళెవరూ అనలేదు. అసలు తండ్రి ఏం చేస్తాడో అడగనే లేదు.

మొన్న రాత్రి అన్నాల దగ్గర కూతురే ఆ మాట ఎత్తింది.

"నాన్నా, నువ్వు ఉండమంటే ఉంటాను. కోపంతో అనడం లేదు, నిజంగానే ఉంటాను."

"నీకేది ఇష్టం?"

"అక్కడైతే లెక్కలు చదువుకుంటాను. ఇక్కడైతే నన్ను చూపిస్తారు."

తల్లి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మర్నాడు పిల్ల చేరడం లేదని ఊళ్ళో కాలేజీకి కబురు పంపారు. ఇవాళ సాయంత్రం బస్సుకి టికెట్టు బావమరిదే తెచ్చి పెట్టాడు. తెచ్చాడే గానీ గొణుగుడు మానలేదు.

మూల ముడి ఇంకా తేలకముందే కింద స్కూటరు ఆగింది. పీఆర్వో హెల్మెట్ తీసి పైకి చూశాడు. ఉడుత చట్రం దిగి వచ్చాడు.

"ఇంకా దించలేదు కదా? మంచిపని చేశావు," అన్నాడు పీఆర్వో. బండి మీద చుట్టి ఉన్న కొత్త ఫ్లెక్సీని చేత్తో తట్టాడు. "ఒక్కమాట చెప్పు, దీన్ని ఇలాగే వెనక్కి తీసుకుపోతాను. నీ బిడ్డ నీ కళ్ళముందుంటుంది. నీకు చేతినిండా పని. నేను నీ మంచికే చెప్తున్నానయ్యా, నువ్వంటే నాకు గౌరవం."

ఆ గౌరవం నిజమైనదే. పీఆర్వో చెడ్డవాడు కాడు. ఎండలో పనిచేస్తుంటే నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళే మనిషి. బావమరిది తాడు వదిలి దగ్గరికొచ్చి, బావ మొహంలోకి ఆశగా చూశాడు.

అతను తలపాగా విప్పి మెడ తుడుచుకున్నాడు.

"సార్, ఒకటి అడగనా?"

"అడుగు."

"మా పిల్ల గడ్డం కింద మచ్చ ఎందుకు తీసేశారు?"

పీఆర్వోకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "అదా! అంత పెద్ద బొమ్మలో నీట్‌గా ఉండాలి కదయ్యా. అందరికీ చేస్తాం."

"అంతేలెండి," అని అతను తలపాగా మళ్ళీ చుట్టుకుని, చట్రం ఎక్కడం మొదలుపెట్టాడు.

సగం ఎక్కాక కింద బావమరిది గొంతు వినబడింది. "బావా, ఆలోచించుకో. అక్కడ మార్కులు తగ్గితే?"

"ఒరేయ్, నేను పైకెక్కిన ప్రతిసారీ జారితే ఏంటని అడుగుతావా?"

"అడగను."

"మరేం చేస్తావు?"

బావమరిది తను వదిలేసిన తాడు వైపు చూశాడు. "తాడు పట్టుకుంటాను."

"అయితే పట్టుకో."

ఈసారి ముడి వచ్చింది. దాని వెనక రెండోది, మూడోది. చివరి కన్నం వదలగానే కూతురి మొహం గాలికి ఒకసారి ఉబ్బి, మెత్తగా కిందకి వాలింది. బావమరిది దాన్ని నేల తాకనివ్వలేదు. చంకల్లోకి, భుజాల మీదకి పోగుచేసుకుని, నీలం కోటులో సగం మునిగిపోయి నిలబడ్డాడు. పాత ఫ్లెక్సీని మామూలుగా ఎలా పడితే అలా చుట్టి బండిమీద పడేస్తారు. దీన్ని ఇద్దరూ చెరో కొస పట్టుకుని, బొమ్మ లోపలికి వచ్చేలా మడతపెట్టారు.

కొత్తది ఎక్కించడం మొదలుపెట్టేసరికి రోడ్డుకి అవతల ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. గొడుగులు బాగుచేసేవాడు, చంకలో ఇంకా ఎవరిదో విరిగిన గొడుగు ఉంది. కొత్త ఫ్లెక్సీ మీది పిల్ల అతని కూతురే. ఉడుత కూతురి తరవాతి మార్కులు ఆ పిల్లవే. తల్లి మంచంలో ఉంది, ఆ పిల్ల ఊరు వదిలే వీల్లేదు. వాళ్ళకి ఈ స్కాలర్‌షిప్ దేవుడిచ్చినట్టే దొరికింది.

"అన్నా," అన్నాడు గొడుగులాయన మొహమాటంగా, "ఎడమవైపు కాస్త దిగినట్టుందేమో."

నిజంగానే దిగింది. అతను చట్రం మీద అటు చివరికి పాకి, లాగి, సరిచేశాడు. ఇప్పుడెలా ఉందని పైనుంచే చేత్తో అడిగాడు. గొడుగులాయన బాగుందని తల ఊపాడు. కళ్ళు మాత్రం బొమ్మ మీదనుంచి తీయలేదు. ఆ చూపు ఉడుతకి తెలుసు. అక్కడే నిలబడి తనూ అలాగే చూశాడు.

అతను ప్రతి కన్నానికీ రెండేసి ముడులు వేశాడు.

"మళ్ళీ మొదలుపెట్టాడు," అని బావమరిది ఆకాశానికి చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సంచీ సర్దడం అయిపోయింది. ఆ ఇంట్లో ఎటు చూసినా పాత ఫ్లెక్సీలే. స్నానాల గది గోడ ఒక చెప్పుల దుకాణం, కింద పరుచుకునేది ఒక సబ్బు, వసారా పైకప్పు ఏ ఏటి ర్యాంకులవాళ్ళో. కూతురు అక్షరాలు వాటి మీదే నేర్చుకుంది. సబ్బు ఫ్లెక్సీ తలకిందులుగా పరిస్తే తలకిందులుగానే చదివేది. కొంచెం పెద్దయ్యాక వాటి వెనకవైపు తెల్లగా ఉంటుందని కనిపెట్టింది. వసారా గోడకి ఒకటి తిప్పి కొట్టించుకుని, దానిమీద లెక్కలు చేసేది. నిండిపోతే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మొదలు. ఇప్పుడు ఆ తెల్లదనం మీద పాత లెక్కల నీడలే పొరలు పొరలుగా మిగిలాయి.

"దించేశావా?" అంది భార్య.

"దించేశాను."

ఆవిడ అతని మొహం చూసి, సంచీ మీద ఇంకో దుప్పటి పెట్టింది. తరవాత కళ్ళు తుడుచుకుని, "అక్కడ చలి ఎక్కువట," అంది.

కూతురు వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని, విరిగిన బొటనవేలి గోరు చూసి, అలాగే పట్టుకుని కూర్చుంది.

బస్సు బయలుదేరే ముందు కిటికీ దగ్గర ముగ్గురూ నిలబడ్డారు.

"ఇంతకీ మీ కాలేజీవాళ్ళు హోర్డింగులు ఎక్కడ కడతారే?" అడిగాడు బావమరిది.

"కట్టరు మామయ్యా. గేటు మీద పేరొక్కటే ఉందట, అదీ సగం చెరిగిపోయిందట."

"విన్నావా బావా? మన పొట్ట కొట్టే కాలేజీకే పంపిస్తున్నావు."

కూతురు కిటికీలోంచి నవ్వింది. గడ్డం కింద మచ్చ ఆ నవ్వుతోపాటు పైకి లేచింది.

కండక్టరు టికెట్లు చూసుకుంటూ వచ్చి ఆ పిల్లని పరీక్షగా చూశాడు. "ఉడుత కూతురివి కదూ? కూడలిలో ఫ్లెక్సీ మీద ఉండేదానివి. పొద్దున చూస్తే వేరే అమ్మాయి ఉంది. దించేశారేం, పాపం?"

"నేనే దించాను," అన్నాడు అతను కిందనుంచి.

ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పక్క సీట్లలోవాళ్ళు తొంగిచూశారు. కండక్టరు అతన్ని చూశాడు, పిల్లని చూశాడు, సంచీ చూశాడు. తరవాత ఆ సంచీని తనే తీసి పైన జాగ్రత్తగా పెట్టాడు.

బస్సు కదిలింది. కూతురి చెయ్యి కిటికీ బయట కాసేపు కనపడింది. కూడలి మలుపులో గొడుగులాయన కూతురి నవ్వు కిందనుంచి బస్సు తిరిగి, వెళ్ళిపోయింది.

ఇంటికి చేరేలోపే మబ్బు పట్టింది. కూతురు కూర్చుని చదువుకునేచోట వసారా కప్పు ఎప్పటినుంచో కారుతోంది. అతను నిచ్చెన వేసుకుని, మడత విప్పి, ఆ ఫ్లెక్సీని కప్పు మీద పరిచాడు.

"బొమ్మ పైకి ఉండేట్టు వెయ్యి, వీధంతా చూస్తుంది," అంది భార్య కిందనుంచి.

"చూశారులే," అన్నాడు. బొమ్మ లోపలికే వేసి, అంచుల మీద రాళ్ళు పెట్టి దిగాడు.

వాన మొదలైంది. పైన తెల్లటి వెనకవైపు చినుకులు టపటపా కొడుతుంటే, కింద ఎవరూ లేని చాపకి ఎదురుగా ఆ నీలం కోటు, ఆ నవ్వు, గడ్డం కింద ఇందాక అతను కూతురి స్కెచ్‌పెన్నుతో పెట్టిన నల్లటి చుక్క, పొడిగా ఉన్నాయి.