అడుగున బురద

అంకెల్లో నన్నెవరూ తప్పు పట్టలేరని నాకు పొగరు. ఇరవై రెండేళ్లుగా మా అఖాతం పటాలు గీస్తున్నాను. లోతు చూపే అంకె ఒక్కటి వంకరగా పడినా కాగితమంతా మళ్లీ గీయిస్తాను. అందుకే ఆఫీసులో నా వెనక 'అత్తగారు' అంటారు. అననీ.

ఆరోజు భోజనానికి వెళ్తూ కొత్త పటం ఇంటికి పట్టుకెళ్లాను. నాన్న మెచ్చుకుంటే వినాలని ఆశ. ఆయన ఒకప్పుడు ఇదే అఖాతంలో పడవ అంచున నిలబడి, సీసపు గుండు కట్టిన తాడు వదిలి బారల్లెక్కన లోతు కొలిచేవాడు. గుండు అడుగున కొవ్వు పూసేవారు. దానికేం అంటుకొస్తే అది, ఇసుకో బురదో రాయో, అంకె పక్కన రాసేవారు.

మా అఖాతం మొదటినుంచీ ఇంత లేదు. మూడు వందల ఏళ్ల కిందట గట్టు తెగి సముద్రం లోపలికి వచ్చిందట. రాతికోటతో సహా ఒక ఊరు నీళ్లకిందకి పోయిందట. అది ఎక్కడుందో చూసినవాళ్లు లేరు. జాలర్లు మాత్రం తూర్పు వైపు వల వేయరు, వేస్తే చిరుగుతుందని.

ఇప్పుడు ఓడలకు దగ్గరదారి ఆ తూర్పు నుంచే. కొలతల పడవ చెడిపోయి పటంలో ఒక్క గడి కొలవకుండా మిగిలిపోతే, నాన్న కాలంనాటి లోతుల పుస్తకం చూసి నింపాం. మా దగ్గర అది అలవాటే. ఆ దారిన మొదటి పెద్ద ఓడను ఆ మధ్యాహ్నమే బయటికి నడిపిస్తున్నాడు నా తమ్ముడు. వాడు రేవు పైలట్.

నాన్న పటాన్ని బల్లమీద పరిచి, కళ్లజోడు తుడుచుకుని, వేలితో దారి పట్టుకుని వెళ్లాడు. ఆ గడి మీద వేలు ఆగింది.

"ఈ తొమ్మిది బారలు ఎవరి లెక్క?"

"ఎవరిదేంటి నాన్నా? నీ పుస్తకంలోదే."

ఆయన వేలు తీయలేదు. "ఆరోజు మేం అక్కడికి పోలేదమ్మా."

"అంటే?"

"నువ్వు పుట్టిన రోజది. ఒడ్డునుంచి జెండా ఊపితే సగంలోనే పడవ తిప్పించా. గడి ఖాళీగా ఉంటే మా పై ఆఫీసరు కేకలేస్తాడని పక్కగడి చూసి రాసేశా. మర్నాడు కొలుద్దామనుకున్నా. మర్నాడు గాలి. ఆ తర్వాత మర్చేపోయా."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గడి నిండా ఒకే అంకె. సముద్రం అడుగు ఎక్కడైనా అంత చదునుగా ఉంటుందా? అయినా నాన్న రాత కదా అని నేను కాకిలెక్కను కళ్లకద్దుకున్నాను. ఆయన మీద అరవబోయాను.

"అంకెలు నావే," అన్నాడు నాన్న. "మరి ఈ 'బురద' ఎవరు రాశారు? గుండే దించలేదు కదా, అడుగు సంగతి నేను రాయలేదే."

పుస్తకంలో ఆ చోటు ఖాళీగా ఉంది. చూడ్డానికి బాగోదని పక్కగడి చూసి రాసింది నేనే.

పరుగున వెళ్లి రేవు టవర్‌కు ఫోన్ చేశాను. వైర్‌లెస్ ఆపరేటర్ హుషారుగా ఉన్నాడు. "ఇప్పుడే మాట్లాడాడమ్మా మీవాడు. ఆటుకి నీళ్లు తొందరగా తీస్తున్నాయని కెప్టెన్ గొడవపెడుతుంటే సర్దిచెప్పాడు."

"ఏమని?"

"'అడుగున బురదే, మా అక్క రాసింది. తగిలినా మెత్తగా ఆగుతుంది' అని."

"ఆపమనండి! అక్కడ ఎవరూ కొలవలేదు!"

అతను నవ్వు ఆపేశాడు. వైర్‌లెస్‌లో తమ్ముణ్ణి పిలవడం నాకు వినిపిస్తోంది. ఒకసారి. రెండుసార్లు. కిటికీలోంచి చూస్తే నీళ్లు చాలా దూరం వెళ్లిపోయాయి, రేవు మెట్లు ఎన్నడూ లేనంత కిందిదాకా బయటపడ్డాయి. నాకు భయమేసింది. మూడోసారి పిలుపుకు తమ్ముడు పలికాడు. వాడి వెనక గంటలు మోగుతున్నాయి.

"టవర్, తగిలింది. ఇది బురద కాదు. ఓడ అడుగు చీలింది, నీళ్లు..."

తర్వాత గంటలే. అవీ ఆగిపోయాయి.

ఫోన్ నా చేతిలోనే ఉంది. పటం పట్టుకుని నా పక్కకొచ్చి అంతా విన్న నాన్న, నా జేబులోని పెన్సిల్ తీసుకుని 'బురద' కొట్టేశాడు. పక్కన గుండ్రటి పాత అక్షరాలతో 'రాయి' అని రాశాడు.

"ఇప్పుడు కొలిచారమ్మా," అన్నాడు. "చిన్నోడు కొలిచాడు."