కాశమ్మ కాపడం ఇటుక

నేను ఒక ఇటుక ముక్కను. బట్టీలో నిండు ఇటుకగానే కాలాను గాని, ట్రాక్టరు మీంచి దింపేటప్పుడు కూలీ చెయ్యి జారి రెండయ్యాను. మేస్త్రీ నన్ను పక్కకు విసిరేస్తే కాశమ్మ ఏరి తెచ్చుకుంది. మనుషులింతే, ఒకరు పారేసింది ఇంకొకరు అపురూపంగా దాచుకుంటారు. అలా నాకు పొయ్యి పక్కన కొలువు దొరికింది.

సాయంత్రమైతే ఆమె నన్ను నిప్పుల్లో కాల్చి, పాత చీర పేలికలో చుట్టి, అరికాళ్ళకు కాపడం పెట్టుకుంటుంది. అరవై దాటిన ఆ కాళ్ళలో ఒకటే మంట, ఒకటే పోటు. వీధిలో అందరికీ అది వాతం. ఆమెకు హెచ్ఐవీ ఉందని ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మందులిచ్చే పట్నం ఆసుపత్రిలోనేమో ఈ నొప్పి సంగతి చెప్పదు. చెబితే మందులు పనిచేయడం లేదంటారేమోనని హడలు. ఇటుకతో చెప్పుకుంటే నొప్పి ఏపాటి తగ్గుతుంది?

ఒకనాడు నా వేడి ఎక్కువైంది. తిమ్మిరెక్కిన కాలికి ఆ సంగతి తెలియలేదు. బొబ్బ లేచి, చితికి, పుండైంది. దాని రసి నాకూ అంటింది. సరిగ్గా మర్నాడే పక్కింటి తిరపతమ్మ వచ్చింది. ఒంటరి కాశమ్మను రోజూ పలకరించే మనిషి ఆమె ఒక్కతే.

"కాశక్కా, నడుం పట్టేసింది. నీ ఇటుక ఓసారియ్యి."

వస్తువుల వల్ల ఈ జబ్బు అంటదని ఆసుపత్రిలో నర్సమ్మ ఎన్నోసార్లు చెప్పింది. భయం వింటేగా! "అది పగిలిపోయిందే" అంది కాశమ్మ. పొయ్యి పక్కన నేను నిక్షేపంగా కనిపిస్తూనే ఉన్నాను.

"మన మధ్య ఇటుకబెడ్డక్కూడా కరువొచ్చిందా?" అంటూ తిరపతమ్మ విసురుగా వెళ్ళిపోయింది. మళ్ళీ ఇటు తొంగి చూడలేదు.

కాశమ్మకు అన్నం సహించలేదు. చెబితే ఊరంతా వెలేస్తుందేమో, చెప్పకపోతే ఉన్న ఈ ఒక్క మనిషీ దక్కదు. చివరికి నన్ను సబ్బు పెట్టి తోమి, కొంగులో చుట్టుకుని, కుంటుకుంటూ వాళ్ళ గడప దాకా వెళ్ళింది. ఒళ్ళంతా వణుకు. ఎక్కడ జారి పడి మళ్ళీ రెండవుతానోనని నాకూ భయమేసింది.

"నాది వాతం కాదే తిరపతా. హెచ్ఐవీ. కాలు పుండై, రసి ఇటుక్కంటింది. అందుకే ఇయ్యలా."

తిరపతమ్మ మొహం పాలిపోయింది. కాలికున్న కట్టు వంక చూసింది. దొడ్లోకి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు గుమ్మరించిన చప్పుడు. సబ్బు రుద్దుకుంటున్న చప్పుడు. మళ్ళీ నీళ్ళు. ఇన్నేళ్ళూ తనను తాకిన చేతులు కడిగేసుకుంటోందని కాశమ్మ నిలువునా నీరైపోయింది. నన్ను గడప మీద వదిలేసి వెనక్కి తిరిగింది.

"యాడికక్కా? కూచో" అంటూ తిరపతమ్మ తడిచేతులతో వచ్చింది. "పొద్దుట్నించీ మిరగాయల ముచ్చికలు తీసిన చేతులు. వీటితో పట్టుకుంటే నీ కాలు చచ్చేట్టు మండుద్ది. రేపు ఆసుపత్రికి నేనూ వస్తా. ఈ మంటల సంగతి నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. నాకూ భయంగానే ఉందిలే. అయినా కాలిటు పెట్టు."

కాశమ్మ కాలు చాపింది. అది వణుకుతూనే ఉంది. పట్టుకున్న చేతులూ వణుకుతూనే ఉన్నాయి.