తెర ముందు

సాయంత్రం గంట కొట్టేసరికి కాజాలమ్మ కళ్ళు మండుతున్నాయి. చొక్కాలకు బొత్తాలు పట్టే కాజాలు కుట్టడం ఆమె పని. మధ్యాహ్నం మిషను మొరాయించి కాజాలు ఆలస్యమయ్యాయి. ఆమె తర్వాత బొత్తాలు కుట్టాల్సిన బొత్తాలక్క ఖాళీగా కూర్చుని తిట్లు తిన్నది. "నీ మూలంగానే" అని కాజాలమ్మను దులిపేసింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ ఫ్యాక్టరీలో చొక్కా పోతుందేమోనని ఇంటికి వెళ్ళే ప్రతి ఒక్కరినీ గేటు దగ్గర ఒళ్ళు తడిమి పంపుతారు. మనుషుల పరువు పోతే మాత్రం వెతికేవాళ్ళు లేరు. మగవాళ్ళను కాపలాదారు అందరి ఎదుటే తడుముతాడు. ఆడవాళ్ళను తెర వెనక పిన్ని చూస్తుంది. ఫ్యాక్టరీ మొత్తానికీ ఆమె పిన్నే. నాలుగేళ్ళుగా కాజాలమ్మ వెళ్ళేది ఆ తెర వెనక్కే.

ఇవాళ తెర ముందు కొత్త మేనేజరు కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు పనిలో చేరినప్పటి కాగితం. మగ అని ఉంది. సంతకం నీదేగా?"

"నాదే సార్. బడి సర్టిఫికెట్లో ఉన్నట్టు రాయమన్నారు. పని దొరకదేమోనని భయపడి రాశాను."

"ఎలా పుట్టావో ఆ వరుసే. అటు వెళ్ళు. లేదంటే రేపట్నుంచి రావద్దు."

ఇంట్లోంచి గెంటేశాక నాలుగు చోట్ల తిరిగితే దొరికిన పని ఇది. కాజాలమ్మ పిన్ని వైపు చూసింది. పిన్ని తల దించుకుంది. ఆమెను తప్పుపట్టడం తేలికే, ఆ జీతం మీద ఎన్ని కంచాలున్నాయో ఆమెకే తెలుసు.

"రామ్మా, పైపైన చూసి పంపేస్తాలే" అన్నాడు కాపలాదారు. మగవాళ్ళ వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కాజాలమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. సంచి నేలమీద బోర్లించింది. టిఫిను డబ్బా, దువ్వెన, నీళ్ళ సీసా.

"సంచి చూసుకోండి సార్. పిన్ని చూస్తానంటే ఒళ్ళూ చూడనివ్వండి. అక్కడ మాత్రం నిలబడను. నేను ఆడదాన్నని నాకు తెలుసు. ఆ రోజు భయపడి రాసింది తప్పు. ఇవాళ మళ్ళీ ఆ తప్పు చెయ్యను."

ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

మేనేజరుకు మధ్యాహ్నం గొడవ గుర్తొచ్చింది. బొత్తాలక్క వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఇన్నాళ్ళూ మీకు ఇబ్బందిగా లేదూ? నువ్వు చెప్పు."

బొత్తాలక్క గేటు వైపు చూసింది. బయట బస్సు హారన్ కొడుతోంది. అది పోతే మళ్ళీ గంటకు గానీ బస్సు లేదు.

"తర్వాతి వాళ్ళని పిలవండి" అన్నాడు మేనేజరు చిరాగ్గా.

"తర్వాతెవరు?" అంది పిన్ని.

బొత్తాలక్క సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నా ముందు కాజాలమ్మ ఉంది సార్. ఆమె అయ్యాకే నేను."

ఆమె వెనక ఆడవాళ్ళెవరూ ముందుకు జరగలేదు. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు అందరికీ వినిపించింది. పిన్ని తెర అంచు పట్టుకుని కాజాలమ్మ వైపే చూస్తోంది.