లింగం పాతిన రాయి

ఇబ్రహీంపట్నంలో లింగం నోరు మూయించిన మొనగాడు ఇంకా పుట్టలేదనేవారు. ఆ పనిని చివరికి మనవరాలు శివాని చేతిలోని ఫోనే చేసిపెట్టింది.

లింగం ఒకప్పుడు సర్వే పార్టీలో కొలత గొలుసు పట్టిన మనిషి. ముప్పై ఎనిమిదేళ్ల కింద ఊరి పక్క గుట్ట మీద సర్వే రాయి పాతింది ఆయనే. ఆ రాయి కథ వినకుండా ఆ వాడలో ఎవరూ పెళ్లి భోజనం చేసి ఎరగరు. దాని అక్షాంశం, రేఖాంశం రాసి ఆఫీసరు ఇచ్చిన అట్టముక్కను బీరువాలో పట్టుచీరల మధ్య దాచాడు. కాలేజీలో మ్యాపుల చదువు చదువుతున్న శివాని ఒకరోజు సరదాపడి ఆ నంబర్లను ఫోన్‌లో కొట్టింది. ఎర్ర గుర్తు గుట్ట మీద పడలేదు. కింద బుగ్గయ్య బర్రెల కొట్టంలో పడింది.

బుగ్గయ్య లింగానికి అక్క మొగుడు. బామ్మర్దిని ఏడిపించడానికి ఆయనకు కారణం అక్కర్లేదు. ఇప్పుడు కారణమే ఇంటికి నడిచొచ్చింది.

"కొట్టంల పాతాల్సిన రాయిని కల్లు తాగి గుట్టెక్కిచ్చిండు నా బామ్మర్ది!" అని చాయ్ హోటల్లో అందరికీ వినపడేలా అన్నాడు. "నూటెనభై మీటర్ల తేడా! ఇంకో సీస తాగుంటే రాయి సాగర్ దాక పోతుండె."

అందరూ నవ్వారు. లింగం మాత్రం తిరిగి ఒక్క మాట అనలేదు. చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చాడు. మర్నాటి నుంచి హోటల్ వైపే పోలేదు. అప్పడం విరిగినది వేశారని బంతిలోంచి లేచిపోయే మనిషి పది రోజులుగా గోడ వైపు తిరిగి కూర్చుంటే శివానికి అన్నం సహించలేదు. తన వేలే కదా ఆ నంబర్లు కొట్టింది. తాత పరువు తానే తీసింది, తానే తెచ్చివ్వాలి.

కాలేజీలో భవాని మేడంను అడిగింది. ఆవిడ అట్టముక్క చూసి నవ్వింది. పాత సర్వేవాళ్లు మన దేశానికి కుదిరేలా భూమికి ఒక కొలత కట్టుకున్నారట. ఫోన్ వాడేది ప్రపంచమంతటికీ కట్టిన ఇంకో కొలత. పాత నంబర్లను కొత్త కొలతలోకి మార్చే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది, దానికి ఆజ్ఞ టైప్ చేసి ఇస్తే చాలు.

ఆదివారం పొద్దున శివాని అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి బుగ్గయ్యను పిలిచింది. లింగం తలుపు వెనకే ఉన్నాడు గానీ బయటికి రాలేదు.

"బొమ్మ లేదు, బటన్ లేదు. ఖరాబైన టీవీ లెక్క నల్లగున్నది, గిదేం మిషన్ బిడ్డా?" అన్నాడు బుగ్గయ్య.

"జర ఆగు తాతా."

ఏ కొలత నుంచి, ఏ కొలతకు, ఏ నంబర్లు. అన్నీ ఒక్క వరుసలో టైప్ చేసి నొక్కింది. వచ్చిన నంబర్లను ఫోన్‌లో పెడితే గుర్తు ఉత్తర ధ్రువం దగ్గర మంచులో పడింది. రేఖాంశం ముందు ఇవ్వాల్సింది, శివాని తొందరలో అక్షాంశం ముందు ఇచ్చింది.

"వామ్మో! గంత దూరం పోయి పాతిండా!" బుగ్గయ్య కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాడు. తలుపు వెనక లింగం దగ్గాడు.

శివాని చెవులు ఎర్రబడ్డాయి. నంబర్లు తిప్పి మళ్లీ కొట్టింది. ఈసారి గుర్తు గుట్ట మీదే నిలిచింది.

"గట్లెట్ల మారుతది?" అన్నాడు బుగ్గయ్య అనుమానంగా.

"డిపో నుంచి లెక్కవెడితే మనది ఆరో ఇల్లు, మార్కెట్ నుంచి లెక్కవెడితే పదకొండోది. ఇల్లు కదిలిందా తాతా?"

బుగ్గయ్య లేచి లోపలికి పోయి బామ్మర్దిని రెక్క పట్టి బయటికి లాక్కొచ్చాడు. ముగ్గురూ గుట్ట ఎక్కారు. శివాని ఫోన్ పట్టుకుని గుర్తు చూపించిన చోట నిలబడింది. రాయి అక్కడికి ఆరు మీటర్ల దూరంలో ఉంది.

"సరే బామ్మర్ది, రాయి కరెక్టే. నా కొట్టమే తప్పు జాగల కట్టినట్టున్న. చాయ్ చెప్త, రా," అంటూ బుగ్గయ్య ముందుగా దిగిపోయాడు.

శివానికి గాలిలో తేలుతున్నట్టుంది. లింగం మాత్రం రాయి వైపు, మనవరాలి కాళ్ల వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"గా ఆరు మీటర్లకు ఫికర్ వెట్టుకోకు తాతా. గీ లెక్కలనే పది మీటర్ల దాక తేడా వస్తది."

"మిషన్‌ను ఎందుకు బద్నాం చేస్తవ్ బిడ్డా?" లింగం రాయి మీద కూలబడ్డాడు. "ఆఫీసరు గుర్తుకు కట్టె గూటం కొట్టి, రేపు పొద్దుగాల గీడనే రాయి పాతుమని చెప్పిపోయిండు. నేను కల్లు తాగి పండుకున్న. తెల్లారి వచ్చి చూస్తె గూటం లేదు, ఎవరో పొయ్యిలకు పీక్కపోయిండ్రు. అందాజకు పాతిన. నీ ఫోన్ కొట్టంల చూపెడితే, గంత తాగిన్నా అని నాకే అనుమానమొచ్చింది."

తాత పది రోజులు నోరెత్తకపోవడం అలక కాదని శివానికి అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నూటెనభై మీటర్లు నీ ఫోన్‌వి," అన్నాడు లింగం. "ఆరు నావి. బుగ్గయ్యకు చెప్పకు."