నేను గుర్తుపట్టని బొటనవేలు

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. ఉద్యోగులు పొద్దున వచ్చి వేలు పెడితే హాజరు వేసేదాన్ని. ముందే చెబుతున్నాను, నాకు మనుషులంటే గిట్టదు. గోడకు మేకులతో బిగించి, రోజుకు నలభైమంది వచ్చి మొహం మీద వేలు నొక్కిపోతుంటే మీకు మాత్రం గిట్టేదా? పోనీ ఆ వేళ్లయినా శుభ్రంగా ఏడుస్తాయా? ఒకడిది ఇడ్లీ చట్నీ, ఒకడిది గుట్కా, ఇంకొకడు అప్పుడే ముక్కు చీదుకుని వచ్చినవాడు. అందరినీ భరించి చివరికి "ధన్యవాదాలు" అనాలి. అదీ నా బతుకు.

నన్ను ఒక పెద్ద షెడ్డులో చేశారు. చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు లోపలి సామానంతా కూర్చి పైన అద్దం పెట్టారు. వాళ్లలో ఒక్కరి వేలూ నాకు తగల్లేదు. నేను సుఖపడింది ఆ నాలుగు రోజులే. పంపించేముందు నా నోట్లో రెండే రెండు మాటలు పెట్టారు. వేలు సరిపోతే "ధన్యవాదాలు". సరిపోకపోతే "దయచేసి మళ్ళీ వేలు పెట్టండి". తిట్టడానికంటూ ఒక్క మాటైనా ఇవ్వలేదు. ఆ రెండో మాటనే తిట్టులా అనడం నా అంతట నేనే నేర్చుకున్నాను.

కోఠిలో ఒక దుకాణంలో ఎనిమిది నెలలు అద్దాల బీరువాలో పడి ఉన్నాక, బాలానగర్‌లోని ఒక మందుల గోదాము వాళ్లు నన్ను కొన్నారు. అక్కడి మేనేజరు విఠల్‌రావు. తలకు రంగు, చంకలో ఫైలు, నోట్లో ఎప్పుడూ డిసిప్లిన్ అనే మాట. నన్ను తలుపు పక్కన బిగించిన రోజున అందరినీ వరసలో నిలబెట్టి, మనిషికొక బొటనవేలు, ఒక చూపుడువేలు నాకు అప్పజెప్పాడు. తర్వాత ఇంకెవరూ నన్ను కెలక్కుండా తానొక్కడికే తెలిసిన రహస్య సంఖ్య పెట్టాడు. ఎక్కడా రాసుకోలేదు. నెల తిరక్కుండా మర్చిపోయాడు.

హెడ్డాఫీసుకు ఒక ఉత్తరం ముక్క రాస్తే, నన్ను అమ్మినవాళ్లు వచ్చి అరగంటలో సరిచేసి పోయేవాళ్లు. కానీ డిసిప్లిన్ గల మనిషి మర్చిపోయానని ఎలా రాస్తాడు? ప్రతి శనివారం అందరూ వెళ్లాక నా ముందు నిలబడి పెళ్లిరోజు, పెద్దకూతురి పుట్టినరోజు, పాత స్కూటరు నంబరు, అన్నీ నొక్కి చూసేవాడు. అసలు సంఖ్య ఆయన మామగారి ఇంటి నంబరు. నాకు తెలుసు. చెబుదామంటే నా దగ్గరున్నవి రెండు మాటలేనాయె. అయినా మాటలుంటే మాత్రం చెప్పేదాన్నా?

అలా ఆ గోదాములో ఒక దిక్కుమాలిన రూలు పుట్టింది. నాలోకి కొత్త వేళ్లు ఎక్కించే దారి లేదు కాబట్టి, నా తర్వాత చేరినవాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టేవాళ్లు. నాలో పేరున్నవాళ్లు మాత్రం రిజిస్టరు ముట్టుకోకూడదు, వేలే పెట్టాలి. ఆ రూలు కింద నలిగినవాడు ఒక్కడే. అతని పేరు ఏలియా.

ఏలియాకు ఇరవై ఏడేళ్లు. పగలు ఇన్సులిన్, టీకాలు ఐసు డబ్బాల్లో సర్ది ఆసుపత్రులకు పంపే పని. రాత్రి డ్రమ్స్ వాయించే పని. చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్నాడట. వారంలో నాలుగు రాత్రులు తన బ్యాండుతో కలిసి గచ్చిబౌలి వైపు పబ్బుల్లో జనం ముందు వాయించేవాడు. ఆ రాత్రులు నేను చూడలేదు. నాకు కనబడేది పొద్దున ఎనిమిదింటి వేలు ఒక్కటే. డ్రమ్ముల పుల్లలు ఆ బొటనవేలినీ చూపుడువేలినీ బొబ్బలెక్కించాయి. బొబ్బలు పగిలి, చర్మం కాయకట్టి, గీతలన్నీ చెరిగిపోయాయి. మణికట్టు మీద పబ్బువాళ్లు కొట్టిన నీలిరంగు ముద్ర, కళ్ల కింద నలుపు, మొహంలో మాత్రం వెలుగు. అదే నాకు ఒళ్లు మండించేది. నాలుగు గంటలు కూడా నిద్రపోని మనిషికి అంత సంతోషం దేనికి?

"దయచేసి మళ్ళీ వేలు పెట్టండి" అనేదాన్ని. వేలు చొక్కాకు తుడిచి పెట్టేవాడు. నోటితో ఊది పెట్టేవాడు. కొబ్బరినూనె రాసి పెట్టేవాడు. నా అద్దమంతా జిడ్డు. వెనక వరస పెరిగేది. ఆ వరసలోంచి బిల్లులు రాసే బాల్‌రాజ్ చెయ్యి చాపి తన వేలు పెట్టేవాడు. ఆ వేలికి పని అంటే ఏమిటో తెలియదు, అందుకని గీతలన్నీ భద్రంగా ఉండేవి. వెంటనే ధన్యవాదాలు చెప్పేదాన్ని. అతను అటునుంచి అటే ఇరానీ హోటలుకు పోయి పదకొండింటికి తిరిగొచ్చేవాడు. నా లెక్కలో అతను రోజంతా హాజరు. ఎనిమిదింటికల్లా ఐసు డబ్బాలు ఎత్తుతున్న ఏలియా గైరుహాజరు. దొరికితే దొంగ, లేకుంటే దొర. రూలు నేను పెట్టలేదు, కానీ ఆ రూలు నాకు భలే నచ్చింది.

"రాత్రంత పబ్బుల దుమ్ము లేపి, పొద్దుగాల దీంట్ల వేలు పెడ్తె యాడికెల్లి వస్తదిరా?" అనేవాడు బాల్‌రాజ్.

"టైముకే వస్తున్న గదన్నా" అనేవాడు ఏలియా. అంతకు మించి గొడవపడేవాడు కాదు. గొడవపడినా బాగుండేది, నాకు కాస్త కాలక్షేపం.

ఒకరోజు మేనేజరును నా ముందే పట్టుకుని అడిగాడు. "సార్, రిజిస్టర్ల సంతకం పెట్టనీయండి."

"మిషన్ల నీ పేరున్నది. పేరున్నోనికి రిజిస్టర్ లేదు."

"పోనీ వేరే వేలు ఎక్కియ్యండి సార్. చిటికెన వేలు మంచిగనే ఉన్నది."

విఠల్‌రావు మొహం ఎర్రబడింది. వేలు ఎక్కించాలంటే ఆ సంఖ్య కావాలి మరి. "నీ తిరుగుళ్లకు కంపెనీ వేళ్లు మార్చాల్నా? డ్రమ్ములు బంద్ చెయ్. వేలు అదే వస్తది" అన్నాడు.

అప్పటికి ఏలియా చేరి నాలుగేళ్లు. కొందరిని పర్మనెంటు చేస్తామని హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. చివరి మూడు నెలలూ నేనిచ్చే హాజరు చూస్తారట. హాజరు లేనివాళ్లను పర్మనెంటు చేయకపోవడమే కాదు, ఇంటికి పంపిస్తారట. అందులో రెండు నెలలు అప్పటికే పోయాయి. ప్యాకింగు చేసే సత్తెమ్మ అతనితో, "తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు బిడ్డా. నువ్వయితె కల్లు దుకాణంలనే డప్పు కొడ్తివి. కొన్నాళ్లు ఇడిసిపెట్టరాదు?" అంది.

"ఈ కొలువు లేకుంటె రూము కిరాయి లేదు. రూము లేకుంటె డ్రమ్స్ పెట్టుకునే జాగ లేదు. డ్రమ్స్ లేకుంటె నేను లేనవ్వా" అన్నాడు ఏలియా. "గట్లని రెంటికి చెడ్డ రేవడిని గాలేను. ఈ నెల ఇడిసిపెడ్త."

విడిచిపెట్టాడు. పదిరోజులకు బొబ్బలు మానాయి. పదిహేను రోజులకు లేతగా కొత్త చర్మం వచ్చింది, దాని మీద గీతలూ వచ్చాయి. పదహారో రోజున నేను ధన్యవాదాలు అనక తప్పలేదు. రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోతున్న మనిషి, పొద్దున మాత్రం ఈడ్చుకుంటూ వచ్చేవాడు. మొహంలో ఆ వెలుగు పోయింది. ఐసు డబ్బా మూత మీద వేళ్లు వాటంతటవే ఆడబోతే, రెండో చేత్తో పట్టి ఆపుకునేవాడు. ఒకరోజు ఐసు పెట్టకుండానే ఇన్సులిన్ డబ్బాకు టేపు వేసేశాడు. సత్తెమ్మ బరువు చూసి అనుమానపడి తెరిపించింది కాబట్టి సరిపోయింది. నాలుగేళ్లలో అతను చేసిన తప్పు అదొక్కటే, అదీ కడుపునిండా నిద్రపోయిన రోజున.

నేను గెలిచాను. కానీ గెలుపులో మజా లేదు. రోజూ పొద్దున నా తిట్టు తినేవాడు లేకపోతే నాకేం తోస్తుంది?

నెలాఖరు శనివారం అతని ఫోను మోగింది. బ్యాండులో పాటగాడు గట్టిగా మాట్లాడే మనిషి, నాకూ వినబడింది. "నీ జాగల కూసున్నోడు తాళం తప్పుతున్నడురా. రేపు ఒక్క రాత్రి రా, లేకుంటె మా ఇజ్జత్ పోతది" అన్నాడు. ఏలియా కొత్త గీతలు వచ్చిన తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. తర్వాత, "వస్త" అన్నాడు.

సోమవారం హెడ్డాఫీసు నుంచి యజమాని స్వయంగా వచ్చాడు. ఏలియా అందరికంటే ముందు, ఏడూ నలభై అయిదుకే వచ్చాడు. కళ్ల కింద నలుపు, మణికట్టు మీద నీలిరంగు ముద్ర, మొహంలో మళ్లీ ఆ వెలుగు. బొటనవేలి మధ్యలో తాజా బొబ్బ. వేలిని మెల్లగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు నా అద్దం మీద పెట్టాడు.

ఇప్పుడు ఒక నిజం చెబుతాను. బొబ్బ చుట్టూ గీతలు ఉన్నాయి. గుర్తుపట్టడానికి అవి నాకు సరిపోయేవి. కానీ ఆ మొహం చూసేసరికి నాకు కడుపు రగిలిపోయింది.

"దయచేసి మళ్ళీ వేలు పెట్టండి" అన్నాను.

పద్నాలుగుసార్లు పెట్టాడు. పద్నాలుగుసార్లూ అదే అన్నాను.

తొమ్మిదింటికి యజమాని నా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. మొదటి రెండు నెలల్లో ఏలియా వేలు నేను ఒప్పుకున్నది పట్టుమని పది రోజులైనా లేదు. "ఈ మూడు నెలల్లో సగానికి పైగా ఈ మనిషి లేనే లేడు. ఇవాళ కూడా లేడు" అన్నాడు.

"ఇవాళ ఉన్నా సార్" అన్నాడు ఏలియా. చేతుల్లో ఐసు డబ్బా.

"రిపోర్టులో లేవుగా."

సత్తెమ్మ చేతిలో టేపు కింద పెట్టింది. "ఎదురుంగ నిలబడ్డ మనిషిని పట్టుకొని లేడంటరేంది సారూ?"

యజమాని మేనేజరు వైపు చూశాడు. నాకు సంబంధించిన రహస్యం అప్పుడైనా బయటపెట్టి ఉంటే ఒక మనిషి బతుకు నిలబడేది. విఠల్‌రావు ఫైలు సర్దుకుంటూ, "మిషన్ అబద్ధం చెప్పదు సార్" అన్నాడు. నా జన్మలో నన్ను అంతగా మెచ్చుకున్నవాడు లేడు, అదీ నేను పద్నాలుగు అబద్ధాలు చెప్పిన రోజున.

ఏలియా అరవలేదు. "ఈ డబ్బాలు పోయేదాక ఉంట సార్. దవాఖానల ఎదురుచూస్తుంటరు" అన్నాడు. చివరి డబ్బా బండి ఎక్కేదాకా ఉన్నాడు. పోయేటప్పుడు నా వైపు చూడను కూడా చూడలేదు.

ఏడాది తిరగకుండా మొహం చూసి హాజరు వేసే కొత్త యంత్రం వచ్చింది. విఠల్‌రావు నన్ను ఊడదీయించాడు. ఇన్నేళ్ల చాకిరీకి ఒక్క ధన్యవాదం చెప్పినవాడు లేడు. బాలానగర్‌లోనే ఒక పాత ఇనుప సామాన్ల దుకాణంలో, చిల్లుపడ్డ బకెట్లకీ విరిగిన ఫ్యాను రెక్కలకీ మధ్యన పడేశారు. అక్కడికి నాలుగో రోజున ఏలియా వచ్చాడు. సత్తెమ్మ ఫోను చేసిందట, "నీ దుష్మన్‌ను తూకానికేసిండ్రు బిడ్డా" అని.

సుత్తితో పగలగొడతాడనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. అతను నన్ను కిలోల లెక్కన కొని, రూముకు తీసుకుపోయి, గుడ్డతో అద్దం తుడిచి, వైరు తగిలించాడు. ఒక ఆసుపత్రి మందుల కొట్టులో పని దొరికిందట, అక్కడ రిజిస్టరులో సంతకమేనట. ఇవన్నీ నాకే చెబుతూ బొటనవేలు పెట్టాడు. "దయచేసి మళ్ళీ వేలు పెట్టండి" అన్నాను. పడీపడీ నవ్వాడు.

ఆ శుక్రవారం నేను మొదటిసారి అతని రాత్రి చూశాను. కళ్లు చెదిరే లైట్లు, చెమట కంపు, చెవులు పగిలే మోత. ఎదురుగా వందలమంది, సగంమంది మెడల్లో ఆఫీసు గుర్తింపు కార్డుల తాళ్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. నన్ను డ్రమ్ముల పక్కన స్టాండుకు కట్టి నోటి దగ్గర మైకు పెట్టారు. నా తిట్టు మీద పాట కట్టారు ఆ వెధవలు. పాట మధ్యలో వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఏలియా వేలు పెడతాడు. నేను "దయచేసి మళ్ళీ వేలు పెట్టండి" అంటాను. ఆ మాట రోజూ పొద్దున తినివచ్చిన జనం ఒక్కసారిగా అదే మాట నా మీదికి అరుస్తారు, డ్రమ్స్ అందుకుంటాయి. ఒళ్లు మండి నేను ఎంత కటువుగా అంటే, వాళ్లు అంత ఎగిరేవాళ్లు. మూడు శుక్రవారాలు అలా నన్ను ఆడించారు.

నాలుగో శుక్రవారానికి నాకు బుద్ధి వచ్చింది. వీళ్లకు కావలసింది నేను కాదు పొమ్మనడం. అయితే అననుగాక అనను. నీ పాట నాశనం చేస్తాను చూడు అనుకున్నాను.

వాద్యాలు ఆగాయి. ఏలియా వేలు పెట్టాడు. అంతా కాయ, నడుమ బొబ్బ, ఒక చివరన రెండో మూడో గీతలు. వాటిని పట్టుకుని వెతికాను. దొరికాడు.

"ధన్యవాదాలు" అన్నాను. నా తెర మీద అతని పేరు, దాని కింద హాజరు అన్న మాట పడ్డాయి.

జనం నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు. పాటగాడు వెనక్కి తిరిగి, "ఏమైందిరా, ఖరాబైందా?" అన్నాడు. ఏలియా ఒంగి తెర మీది అక్షరాలు చదువుకున్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఖరాబ్ కాలె" అన్నాడు. "ఇయ్యాల నన్ను పట్టింది." పుల్లలు అందుకున్నాడు. ఆ రాత్రి అతను వాయించిన వాయింపుకు నా లోపలి మరలు ఊడిపోతాయనుకున్నాను.

ఇప్పుడు నేను ఉండేది అతని డ్రమ్ముల పెట్టెలో. అతనంటే నాకు ఇప్పటికీ గిట్టదు. ఆ రోజు నేను చేసింది పగతోనే. ఎవరైనా అడిగితే అలాగే చెప్పండి.