భుజం చెప్పిన సాక్ష్యం

ఉదయం తొమ్మిదికల్లా కీళ్లమ్మ తన గది తలుపు తీసేది. ఎత్తు బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి, వేడినీళ్లలో తువ్వాళ్లు నానేసి, గోళ్లు పెరిగాయేమో చూసుకునేది. మెడ పట్టేసినవాళ్లు, నడుం వంగనివాళ్లు, మోకాలు మొరాయించినవాళ్లు బయట బెంచీ మీద వరసగా కూర్చునేవారు. ఆమె వేలు సరిగ్గా నొప్పి ముడి మీద పడితే ఆ కీలు మాట్లాడేది. అందుకే బెంచీ మీదివాళ్లు మర్యాదకి కాస్త గట్టిగా కబుర్లాడుకునేవారు. ఒకరి నడుం గోడు ఇంకొకరు వినకూడదు కదా.

ఆ రోజు ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ నుంచి మేనేజరు ఒకావిడను వెంటబెట్టుకొచ్చాడు. ఎవరేం చెప్పినా "సర్లే" అంటుందని అక్కడందరూ ఆవిడను సర్లే వదిన అని పిలిచేవారు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. జడ కూడా కూతురే వేస్తోంది.

"ఇంటి పనితో పట్టేసింది," అన్నాడు మేనేజరు. "అదే రాసివ్వండమ్మా, లాండ్రీకి పూచీ లేకుండా. రేపట్నుంచి పని మానేస్తుంది."

"అంతేనా వదినా?" అడిగింది కీళ్లమ్మ.

"సర్లెండి. ఆయనెలా అంటే అలా."

"పక్కకి తిరిగి పడుకో."

కీళ్లమ్మ తొందరపడలేదు. వేడి తువ్వాలు కాసేపు వేసి ఉంచింది. "టక్కుమనిపిస్తే అయిపోదు, ముందు కండ ఒప్పుకోవాలి," అంటూ రెక్క ఎముక అంచు వెంట బొటనవేలితో మెల్లగా ఒత్తుకుంటూ పోయింది. ఒకచోట గోళీకాయంత ముడి తగిలింది. వదిన పళ్లు బిగబట్టింది. భుజం నోరు విప్పింది.

గొంతు వదినదే. కానీ పదకొండేళ్ల కిందటిది, ఇంకా అరగనిది.

"మూడో నంబరు మిషను. తడి మూట ఎత్తడానికి ఇద్దరుండేవాళ్లం. రెండో మనిషిని తీసేశారు. ఆ వారమే లోపల ఏదో చిరిగింది. చెబితే, సాయంత్రానికి తగ్గిపోతుంది పో అన్నాడు. ఈయనే."

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "భుజాలకేమమ్మా, సందిస్తే చాలు, చాడీలు మొదలెడతాయి. మీరు నేను చెప్పింది రాయండి."

"నోరు భయపడి అబద్ధమాడుతుంది సార్. కీలుకి ఆ తెలివి లేదు. అది చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా."

"మీ దగ్గరికొచ్చేవాళ్లలో సగం మా లాండ్రీవాళ్లే. గుర్తుందా?"

"ఉంది. అందరి భుజాలూ ఆ మిషను పేరే చెబుతున్నాయి. ఇన్నాళ్లూ విని ఊరుకున్నా చూడండి, అదీ నా తప్పు."

కాగితం వదిన చేతికే ఇచ్చింది. మేనేజరు గొంతు తగ్గించాడు. "ఇటివ్వు వదినా, చింపేద్దాం. కూర్చుని మడతలు పెట్టే పని ఇప్పిస్తా. సరేనా?"

మంచి పనే. ఆ కుర్చీ కోసం వదిన ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. లేచి బల్ల మీద కూర్చుంది. ఈసారి అడిగింది భుజం కాదు, నోరే.

"మరి మూట ఎవరెత్తుతారు?"

"ఎవరో కొత్తపిల్లని పెడతాం."

"అయితే సరికాదు," అంది వదిన. ఆ మాట నోటికి కొత్త, అందుకని ఇంకోసారి అని చూసుకుంది. "సరికాదు సార్. కాగితమూ ఇవ్వను, పనీ మానను."

మర్నాడు మూడో నంబరు మిషను తిరగడం అయిపోయి ఆగింది. లోపలి మూట ఎవరూ తియ్యలేదు. వదినతో పాటు మరో ఐదుగురు ఆడవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేనేజరు అరిచాడు, బతిమాలాడు, చివరికి చొక్కా చేతులు మడిచి తనే మూట పట్టుకున్నాడు. జానెడు లేచి దబ్బున పడింది. ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నానికి దుప్పట్లేవని ఆస్పత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. యజమాని పరుగున వచ్చాడు. వదిన కాగితం పైకి చదివింది, ఒక్క ముక్క వదలకుండా.

"సరేనమ్మా, నీకేం కావాలి?"

"నాకు కాదండీ. మూటకి ఇద్దరు మనుషులు."

"రేపట్నుంచి చూద్దాం."

"ఇవాళే," అంది వదిన.

యజమాని ఆమె వంక చూశాడు, నీళ్లోడుతున్న మూట వంక చూశాడు. మడతల గదిలోంచి ఇద్దరిని కేకేశాడు. వాళ్లు వచ్చి చెరో కొసా పట్టేదాకా వదిన మిషను ముందునుంచి కదల్లేదు.