నీళ్లలో కూర్చున్న పడవ

శాంతకుమారి ఆకాశం వేయడం ముగించి నీళ్లకు దిగింది. మొదట ఆకాశం, తర్వాత నీళ్లు, చివరికి పడవలు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో బొమ్మ ఆ వరుసలోనే తయారవుతోంది. ప్లైవుడ్ చెక్క మీద నీలంలో కొంచెం మట్టిరంగు కలిపి, అవిసెనూనె చుక్క వేసి, వెడల్పాటి బ్రష్షుతో అడ్డంగా లాగుతోంది. చీర కొంగు నడుముకు బిగించుకుంది. చెవి పక్కన నెరిసిన వెంట్రుకలకు ఎప్పుడంటిందో నీలం, తలంటుకున్నా పోవడం లేదు.

గుమ్మం దగ్గర నవారు మంచం మీద ఆమె భర్త దేవదాసు దిండుకు ఆనుకుని చూస్తున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎవరో దాచిపెట్టమని ఇచ్చి మరిచిపోయిన వస్తువులాగా. నిరుడు కాక మునుపటేడు పక్షవాతం వచ్చి, కాలు కొంత తిరిగింది కాని చెయ్యి తిరగలేదు.

ఒకప్పుడు సూర్యాపేట మెయిన్‌రోడ్డు మీద సగం దుకాణాల పేర్లు ఆ చెయ్యి రాసినవే. మిర్యాలగూడ రైసుమిల్లుల గోడల మీద మనిషెత్తు అక్షరాలు తాళ్లకు వేలాడుతూ రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక అక్షరాలను అడిగేవాళ్లు లేకపోయారు. అప్పుడు ఇంటి వెనక రేకుల గదికి స్టూడియో అని పేరు పెట్టి, ఓడరేవుల బొమ్మలు మొదలుపెట్టాడు. హైవే మీది లాడ్జీలు, పళ్ల డాక్టర్ల గదులు, ఫంక్షన్ హాళ్లు అన్నిటికీ సముద్రమే కావాలి. సముద్రం లేని ఊళ్లోనే సముద్రానికి గిరాకీ ఎక్కువ అని నవ్వేవాడు.

ఆ రేవులన్నీ ఒక్క చోటి నుంచి వచ్చినవే. పెళ్లయిన కొత్తలో, తమ ఊరి మీదుగా పోయే రోడ్డు చివరికి బందరులో ఆగుతుందట అని ఆమెను బస్సెక్కించి తీసుకుపోయాడు. అక్కడ రేవులో అతను పడవలు గీస్తుంటే ఆమె గొడుగు పట్టుకుని నిలబడింది. ఒక పూట అతను టీ తాగి వచ్చేసరికి, కాగితం మీద ఖాళీగా ఉన్న చోట ఆమె నీళ్లు వేసి ఉంది. అతను చాలాసేపు చూశాడు. రాత్రి అన్నం తింటూ, "ఇగ నీళ్లు నువ్వే వెయ్యి" అన్నాడు.

అంతే. నీళ్లూ ఆకాశం ఆమెవి, పడవలు అతనివి, మూలన పేరు అతనిది. అలా ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమెతో సహా. చెయ్యి పడిపోయాక పడవలూ ఆమె మీదే పడ్డాయి. పేరు కూడా. 'దేవదాస్' అని, చివర తోక కొద్దిగా పైకి లేపి, అచ్చం అతనిలాగే రాసేది.

"శాంతా" అన్నాడు దేవదాసు. "గా పడవ నీళ్ల మీద పెట్టినట్టున్నది. నీళ్లల్ల లేదు."

కోదాడ లాడ్జి కోసం వేస్తున్న పెద్ద బొమ్మ పక్కన, ముందుగా చేసుకున్న చిన్న నమూనాను చూసి అంటున్నాడు. ఈ మాట ఆమె నెల నుంచీ వింటోంది. అడుగున నీడ పెంచింది, తగ్గించింది, పడవను తుడిచి మళ్లీ వేసింది. బ్రష్షు డబ్బాలో పెట్టేసి, చేతులు గుడ్డకు తుడుచుకుంది.

"నాకు గింతే వస్తదయ్యా."

అతను ఒళ్లో చేతిని ఎడమ చేత్తో సర్దుకున్నాడు. తర్వాత, "ఒక్కసారి ఏటికి పోదాం. సూస్తె తెలుస్తది" అన్నాడు.

"ఎవలకు, నీకా నాకా?"

"ఇద్దరికి."

పక్కింటి జీవన్ ఆటోను కృష్ణ ఒడ్డునున్న పాలకీడు దాకా కిరాయికి మాట్లాడుకున్నారు. ఆటో వెనక సీట్లో దేవదాసును దిండ్ల మధ్య కూర్చోబెట్టి, రంగుల సంచి, చిన్న కాన్వాసు ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కన కూర్చుంది. దారి పొడుగునా యాసంగి నాట్లు పడుతున్నాయి. సాగర్ కాలువ నిండుగా పోతోంది. హుజూర్‌నగర్ దాటాక ఒక పాత కిరాణా గోడ మీద వెలిసిపోయిన అక్షరాలు కనిపిస్తే దేవదాసు తల తిప్పి, అవి దాటిపోయేదాకా చూశాడు. అవి అతనివేనా అని ఆమె అడగలేదు.

కృష్ణ ఒడ్డున దశరథ, అతని భార్య ధనలక్ష్మి టార్పాలిన్ గుడిసెలో ఉంటారు. వైజాగ్ వైపు నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. చెయ్యి బాగున్న రోజుల్లో దేవదాసు ఏటా వచ్చి వాళ్ల పడవలను గీసుకునేవాడు. దశరథ, జీవన్ కలిసి అతన్ని ఎత్తుకొచ్చి, నీళ్లకు దగ్గరగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఎంత చిక్కిపోయారండి మాస్టారూ" అంది ధనలక్ష్మి.

"బొమ్మల్ల పడవలు కూడ చిక్కిపోయినయి. అందుకే వచ్చిన" అన్నాడు. శాంతకుమారి వినిపించుకోనట్టు కాన్వాసు నిలబెట్టుకుంది.

పాత పడవ ఒకటి తాడుకు కట్టి నీళ్లలో ఆడుతోంది. ఆమె చాలాసేపు బ్రష్షు తియ్యలేదు. ఇన్నేళ్లూ గొడుగు పట్టుకునో, నీళ్లు చూస్తూనో గడిపింది గాని పడవను పడవ కోసం ఎప్పుడూ చూడలేదు. చూస్తూ ఉంటే తెలిసింది. పడవ అంచుకూ నీటికీ మధ్య గీత లేదు. తాను ప్రతి బొమ్మలో ఆ గీతే వేస్తోంది. ఇక్కడ పడవ మొదలు కాకముందే నీళ్లు నల్లబడుతున్నాయి, నీళ్లు అయిపోయాక కూడా చెక్క మీద తడి పైకి పాకుతోంది. ఏది ఎక్కడ ఆగిందో చెప్పలేం.

వేయడం మొదలుపెట్టాక ఆమె వెనక్కి తిరగలేదు. అతను తప్పు పడతాడని ఎదురుచూసింది. నీడ వేసింది. మాట లేదు. తడి వేసింది. మాట లేదు. ఎండ వీపు మీదికి వచ్చింది.

"గిప్పుడు కూసున్నది" అన్నాడు దేవదాసు.

ఆమె తల ఊపింది. రంగు కలుపుతున్న వేళ్లు కొంచెంసేపు ఆగాయి.

మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టింది ధనలక్ష్మి. దేవదాసుకు శాంతకుమారి ముళ్లు తీసి తినిపించింది. తిన్నాక దశరథ, ఒడ్డు మీదికి లాగి పెట్టిన కొత్త పడవ చూపించాడు. తారు పూసి ఆరబెట్టారు, ఇంకా నీళ్లు తాకలేదు.

"దీనికి మీ చేత్తో పేరు రాయించాలనుకున్నానండి. ఇంతలో మీకిలా అయింది."

"ఏం పేరు?"

దశరథ తల వంచుకుని, "దీని పేరేనండి" అని భార్య వైపు చూపించాడు. ధనలక్ష్మి ఎంగిలి కంచాలు తీసుకుని గబగబా నీళ్ల వైపు వెళ్లిపోయింది.

శాంతకుమారి సంచిలోంచి తెల్లరంగు డబ్బా, సుద్దముక్క తీసింది. పడవ పక్క చెక్క మీద పైనొకటి, కిందొకటి సుద్దతో తిన్నగా గీతలు గీసింది. బ్రష్షు ముంచి తానే మొదలుపెట్టబోతుంటే దేవదాసు ఎడమ చెయ్యి చాపాడు. ఆమె అతని ముఖం చూసి, బ్రష్షు ఇచ్చింది. కుర్చీ పడవకు ఆనేలా జరిపారు. ఆమె డబ్బా పట్టుకుంది.

'ధ' పొట్ట సొట్టపోయింది. ఒకప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూ అక్షరం పూర్తి చేసిన మనిషి, పళ్లు బిగబట్టి, వంపు తిరిగిన ప్రతిచోటా ఆగాడు. నుదుటి చెమట ఆమె కొంగుతో అద్దింది. 'న' కొంచెం నయంగా వచ్చింది. 'ల' పక్కకు వాలింది. దాన్ని చూసి అతనే నవ్వుకున్నాడు.

"'క్ష్మి' తోటి తంటా ఉంటది. జర ఆగి రాస్త. నువ్వు పోయి నీ పని సూస్కో."

ఆమె వెళ్లి కాన్వాసు ముందు కూర్చుంది. దశరథ వల బాగుచేసుకుంటున్నాడు. జీవన్ ఆటోలో నిద్రపోతున్నాడు. బొమ్మలో పడవ కట్టిన తాడు దగ్గరికి వచ్చేసరికి, ఏ రంగు పెట్టాలో తేలక అడిగింది.

"ఏమయ్యా, తాడుకు పసుపు పెట్టాల్నా?"

జవాబు రాలేదు. నిద్ర పట్టిందేమో అనుకుని పసుపే పెట్టింది. కాసేపటికి మళ్లీ అడిగింది, బాగుందా అని. అప్పుడు వెనక్కి తిరిగింది.

దేవదాసు తల పడవ అంచుకు ఆని ఉంది. కళ్లు సగం మూసుకున్నాయి. ఎడమ చేతిలో బ్రష్షు అలాగే ఉంది, దాని కొస మీద రంగు పెచ్చు కట్టడం మొదలైంది. ఆమె దగ్గరికి వెళ్లి నుదురు తాకింది. మెడ కింద వేళ్లు పెట్టి చూసింది. ఎవరినీ పిలవలేదు. అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పి బ్రష్షు తీసుకుని, కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. వెంట్రుక వెంట్రుక విడిపోయేదాకా తుడిచి, దాన్ని సంచిలో పెట్టింది. ఆ తర్వాత అతని పక్కన నేల మీద కూర్చుని, "దశరథా, జీవన్‌ను లేపు" అంది.

సూర్యాపేటలో పాస్టర్‌గారు ప్రార్థన చేశారు. ఒకప్పుడు అతను బోర్డులు రాసిన దుకాణాల వాళ్లు కొందరు వచ్చి, సమాధిలో పిడికెడు మట్టి వేసి వెళ్లారు. కోదాడ బొమ్మను శాంతకుమారి పూర్తి చేసింది. పడవలన్నీ నీళ్లలో కూర్చున్నాయి. మూలన ఏ పేరూ రాయకుండా పంపింది. ఎందుకు లేదని అడిగినవాళ్లు లేరు.

కొన్నాళ్లకు దశరథ ఫోన్ చేశాడు. "అమ్మగారూ, పడవ ఇంకా నీళ్లలోకి దించలేదండి. ఆ మిగిలింది మీరు రాస్తారేమోనని."

ఆమె వెళ్లింది. డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, పడవ ముందు గొంతుక్కూర్చుంది. సొట్ట 'ధ' నుంచి వాలిన 'ల' దాకా చూసింది. ఆ చేతిలాగా రాయడం ఆమెకు వచ్చు. కుడి చేతి తోకలూ, ఎడమ చేతి వంకరలూ రెండూ వచ్చు. తెల్లరంగు చుక్క ఒకటి ఆమె కాలి మీద పడింది. బ్రష్షు తుడిచి, మూత పెట్టేసింది.

"గింతే ఉండనియ్యి, దశరథా."

దశరథ భార్య వైపు చూశాడు. "మా ఆయన నన్ను ధనా అనే పిలుస్తాడమ్మా" అంది ధనలక్ష్మి. "నాకేం తక్కువ కాలేదు."

ఇద్దరూ భుజాలు ఆనించి పడవను నీళ్లలోకి తోశారు. అది ఒకసారి పక్కకు ఒరిగి, సర్దుకుని, కూర్చుంది. దశరథ తెడ్డు వేశాడు. నల్లటి తారు మీద తెల్లగా మూడు అక్షరాలు, వాటి తర్వాత ఇంకో అక్షరానికి చోటు వదిలి, కొస దాకా తిన్నగా సాగిపోయిన రెండు సుద్దగీతలు.